ఎరుపు రాని కాగితం

ఇంట్లో ఇంకు ప్రింటర్ పెట్టుకునేవాళ్ళకు కంపెనీవాడు చెప్పాల్సిన మాటలు రెండే రెండు. వారానికొకసారైనా ఒక రంగుల కాగితం తియ్యి. ఆపేటప్పుడు దాని బటన్ నొక్కే ఆపు, గోడ మీది స్విచ్చు కట్టెయ్యకు. ఈ రెండు మాటలు అట్టపెట్టె మీద వేలెడంత అక్షరాలతో రాస్తే వాడి సొమ్మేం పోతుంది? రాయడు. దాని మీద తెల్ల సోఫాలో కూర్చుని పళ్ళికిలిస్తున్న ఒక కుటుంబం బొమ్మ వేస్తాడు. వాళ్ళింట్లో కరెంటు పోదు, దుమ్ము లేవదు, ఉరుము వినబడగానే తండ్రి లేచిపోయి మెయిన్ బంద్ చెయ్యడు. ఆ బొమ్మ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది కట్టంగూర్ దగ్గర ఊరు. హైవే మీద నిలబడితే మా ఇంటి రేకులు కనిపిస్తాయి. బాపుకు గొర్రెల మంద ఉంది, కొంచెం పత్తి చేను ఉంది. నేను కట్టంగూర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కరోనా వచ్చి బడి మూతపడ్డప్పుడు ఫోనులో పాఠాలు చెప్పమన్నారు. చెప్పడం సరే, వినేదెవరు? మా ఊళ్ళో ఫోనున్న ఇంట్లో బ్యాలెన్స్ ఉండదు, బ్యాలెన్స్ ఉన్న ఇంట్లో ఫోను తండ్రితోపాటు చేనుకు పోతుంది. అందుకని పాఠాలను కాగితాల మీద తీసి ఇంటింటికీ ఇద్దామని నేనే ప్రింటర్ కొన్నాను. నాలుగు రంగుల ఇంకు సీసాలు వంచి పోసుకునే రకం. ఆవు బొమ్మ, అరటిపండు బొమ్మ, జెండా బొమ్మ, అన్నీ రంగుల్లోనే ఇచ్చాను. పిల్లలకంటే ముందు వాళ్ళ తాతలే ఆ కాగితాలను తిప్పి తిప్పి చూసేవాళ్ళు. 'టీచరమ్మ మిషన్' అని దానికి ఊళ్ళో పేరు పడిపోయింది.

బడి మళ్ళీ తెరిచాక దానికి పని తగ్గింది. ఈ రకం ప్రింటర్‌కు పని తగ్గడమే జబ్బు. లోపల హెడ్ అని ఒకటి అటూ ఇటూ పరుగెడుతూ ఉంటుంది. దాని అడుగున కంటికి ఆనని చిల్లులుంటాయి, ఇంకు వాటిల్లోంచే కాగితం మీద పడుతుంది. బటన్ నొక్కి ఆపితే హెడ్ బుద్ధిగా ఓ మూలకు పోయి మెత్తటి మూత మీద కూర్చుంటుంది. చిల్లులకు గాలి తగలదు, ఇంకు ఎండదు. పని మధ్యలో కరెంటు పీకేస్తే మాత్రం ఎక్కడిదక్కడ నోరు తెరుచుకుని ఆగిపోతుంది. రేకుల ఇంట్లో, మా నల్లగొండ ఎండలో, నోరు తెరుచుకున్న హెడ్ ఎంతసేపు తడిగా ఉంటుంది? మూత మీద కూర్చున్నా సరే, నెలల తరబడి ముట్టుకోకపోతే చిల్లుల్లోనే ఇంకు గడ్డకడుతుంది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. ఫోనులో హిందీ వీడియోలు చూసి, చేతులన్నీ రంగులు చేసుకుని, నా తిప్పలు నేను పడి నేర్చుకున్నాను.

నేర్చుకున్నాక పద్ధతి పెట్టుకున్నాను. ఆదివారం తలస్నానం కాగానే ఒక కాగితం తీసేదాన్ని. నాలుగు రంగుల పట్టీలు, అంతే. కిటికీ పక్కనుంచి జరిపి, ఎండ తగలని మూలన బల్ల మీద పెట్టాను. అమ్మ తన పాత చీర ముక్క కప్పింది. దుమ్ముకు అది మంచిదే. కానీ దసరాకు ఆయుధపూజ అని ఆ చీర తీసి, దాని మొహానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు కూడా వేసింది. కాగితాలు పెట్టే సందులోంచి బియ్యపుగింజలు తీయడానికి నాకు పూట పట్టింది. మొక్కమ్మా, వద్దనను, దూరంనుంచి మొక్కు అని చేతులు జోడించాను.

బాపుతోనే అసలు యుద్ధం. ఆదివారం ఆ మిషన్ చప్పుడు వినబడగానే గడపలోకి వచ్చి నిలబడేవాడు.

"ఏందే బిడ్డా, ఊకెనే గా రంగులు పారబోస్తున్నవ్? దాచిపెట్టుకోవద్దా?"

"పారబోస్తలేను బాపూ. దాచిపెడితెనే ఎండిపోతయి."

"సీసల ఉన్నది యాడికి ఎండుతది?"

"సీసల కాదు. లోపట. బాయి మోటర్ ఏడాది నడువకుంటె ఏమైతది?"

"జామ్ ఐతది."

"గిది గూడ గంతే."

"మోటర్ ముచ్చట వేరు" అని వెళ్ళిపోయేవాడు. మోటార్ ముచ్చట ఎందుకు వేరో ఈ రోజుకీ చెప్పలేదు.

మా ఇంట్లో విలువైనదంటే వాడకూడనిది. కొత్త దుప్పట్లు పెట్టెలోనే పాతబడతాయి, స్టీలు గిన్నెలు అటక మీదే మెరుస్తాయి. ప్రింటర్ ఖరీదైన వస్తువు కనుక అది కప్పుకుని ముసుగుతన్ని పడుకోవాలి, అప్పుడే దానికి మర్యాద. ఇక ఉరుము సంగతి. ఒకప్పుడు పిడుగుకు మా టీవీ కాలిపోయింది. అప్పటినుంచి ఆకాశం గొణిగితే చాలు, బాపు చేతిలో అన్నం ముద్ద ఉన్నా లేచిపోయి మెయిన్ దించేస్తాడు. కాగితం సగం బయటికి వచ్చి ఉన్నా ఆయనకు పట్టదు. నేను అరిచేది అరుస్తూనే ఉంటాను, ఇంట్లో ఫ్యాను ఆగిపోతూనే ఉంటుంది. బటన్ నొక్కి నేను ఆపాక, హెడ్ మూత మీదికి పోయాక, అప్పుడు మెయిన్ దించుకో, నీ ఉరుమూ పోతుంది, నా ప్రింటరూ బతుకుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిందంతా గొర్రెలు విన్నాయి, ఆయన వినలేదు.

మొన్నటి ఎండాకాలం బడివాళ్ళు మమ్మల్ని అడ్మిషన్ల పని మీద ఊళ్ళ వెంట తిప్పారు. అయ్యా, మీ పిల్లను మా బడిలో వెయ్యండి అని మిట్టమధ్యాహ్నం టీచర్లు గడప గడపకూ తిరగాలట. ఆదివారం లేదు, పండుగ లేదు. చదువు చెప్పడానికి తీసుకున్న మనుషులను రోడ్ల మీద తిప్పడానికి వాళ్ళకు సిగ్గులేదు, ఎండకు సొమ్మసిల్లి పడిపోయిన మా తోటి టీచరును మరునాడే రమ్మనడానికీ సిగ్గులేదు. నేను ఇంటికి వచ్చేసరికి కాళ్ళు చాపుకోవడమే గొప్ప. ప్రింటర్ జోలికి పోయినవాళ్ళు లేరు. సాయంత్రాలు గాలిదుమారాలు లేచాయి, ఉరుములు ఉరిమాయి, బాపు మెయిన్ దించాడు.

మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చింది. తొలివాన మామూలుగా రాలేదు, నాలుగు రోజులు వదలకుండా కొట్టి, నాలుగోనాడు రాళ్ళవాన అయింది. బాపు మందను హైవే కింద ఉన్న అండర్‌పాస్‌లోకి తోలాడు. పక్క ఊరి కాపరి కూడా తన మందను అందులోకే తోలాడు. ఆయన బాపుకు బావ వరస, నాకు మామ. రెండు మందలూ ఆ చీకట్లో ఒకదాన్నొకటి తోసుకుంటుంటే మధ్యలోంచి ఒక లారీవాడు హారన్ మోగించుకుంటూ పోయాడు. గొర్రెలు చెల్లాచెదరయ్యాయి. వాన తగ్గాక ఎవరికి దొరికినవి వాళ్ళు తోలుకుని ఇళ్ళకు చేరారు. ఇంటికొచ్చి చూస్తే మా మందలో మూడు గొర్రెలు లేవు. వాటిలో ఒకటి చూడిది, కంటి చుట్టూ నల్లమచ్చ ఉండేది. బాపు వానలోనే వెతుక్కుంటూ పోయాడు. మూడూ ఆ మామ దొడ్లో ఉన్నాయి.

"అన్నీ నాయే బావా. నీయి గిండ్ల లెవ్వు" అన్నాడట మామ.

మామూలు రోజుల్లో ఈ తగువే రాదు. మా గొర్రెలన్నిటికీ నడుం మీద జాజుతో, అంటే ఇళ్ళకు పూసే ఎర్రమట్టితో, ఒక చార ఉంటుంది. ఆ మామ గొర్రెలకు అదే చోట పసుపు రంగు చార. చుట్టుపక్కల కాపరులందరికీ ఈ గుర్తులు తెలుసు. కానీ నాలుగు రోజులు వదలకుండా కొట్టిన వానకు జాజూ పోయింది, పసుపూ పోయింది. సర్కారు ఇచ్చిన గొర్రెలైతే చెవికి బిళ్ళలుంటాయి. ఇవి ఇంట్లో పుట్టినవి, బిళ్ళలు లేవు. ఊరి పెద్దమనుషులు గొర్రెలను పిలిచి చూడమన్నారు. బాపు పిలిచాడు, మామ పిలిచాడు. వానకు మేత లేక ఆకలి మీదున్న గొర్రెలు, ఎవరి చేతిలో తుమ్మకొమ్మ ఉంటే వాళ్ళ దగ్గరికే పరుగెత్తాయి.

నా ఫోనులో ఫోటో ఉంది. ఎండాకాలంలో బాపు జాజు కొత్తగా పెట్టిన రోజు దొడ్లో తీసింది. మధ్యలో బాపు, ముందర ఆ మూడు గొర్రెలు, నల్లమచ్చ కన్ను స్పష్టంగా కెమెరా వైపే చూస్తూ, నడుం మీద ఎర్రటి చార. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి? పాలకేంద్రం అరుగు మీద పెద్దమనుషులు కూర్చుంటే పోయి ఫోను చూపించాను. వాళ్ళలో అందరికంటే పెద్దాయనను ఊరంతా తాత అనే పిలుస్తారు. ఆయన ఫోను చేత్తో కూడా పట్టుకోలేదు.

"ఫోన్ల బొమ్మలు నమ్మద్దు బిడ్డా. మొన్న నా మనుమరాలు నా తలకాయ తీసి పులికి పెట్టి చూపెట్టింది. కాగితం మీద తీస్కరా. నీ మిషన్ల తీసిన కాగితమైతె ఒప్పుకుంటం."

"తాతా, గీ ఫోన్లదే గద గా కాగితం మీదికి వచ్చేది!"

"కాగితం కాగితమే" అన్నాడు. మామ కూడా తలూపాడు.

ఏం వాదిస్తాం? ఫోను అబద్ధం చెబుతుందట, దాంట్లోదే కాగితం మీదికి వస్తే నిజమవుతుందట. రేషన్‌కు కాగితం, పాస్‌బుక్కుకు కాగితం, బతికే ఉన్నాడని చెప్పడానికి కాగితం అడిగి అడిగి జనాన్ని ఇలా తయారు చేశారు. నోటితో చెప్పిన మాటకు విలువ పోయింది, కళ్ళతో చూసినదానికి కూడా పోయింది.

మరునాడు పొద్దున బడికి పోయేముందు ప్రింటర్ చీర తీసి, ఫోటో పంపాను. అది గరగరమని సణిగి కాగితం బయటపెట్టింది. బాపు మొహం పచ్చిజామకాయ రంగులో ఉంది. గొర్రెల మీద ఎర్రచార లేదు. చార ఉంది, పసుపు రంగులో ఉంది.

సంగతి నాకు వెంటనే అర్థమైంది. ప్రింటర్‌లో ఎరుపు అని వేరే రంగు ఉండదు. మెజెంటా అనే ముదురు గులాబీ ఇంకు, పసుపు ఇంకు రెండూ ఒకేచోట పడితే అది మన కంటికి ఎరుపు. మెజెంటా చిల్లులు మూసుకుపోయాయి కనుక ఎర్రగా రావాల్సిన చోటల్లా ఉత్త పసుపే పడింది. ప్రపంచంలో ఇన్ని రంగులుండగా మా గొర్రెల చార పోయి పోయి ఆ మామ రంగే అయింది! బడి బస్సు హారన్ కొడుతోంది. కాగితాన్ని అక్కడే ఉంచి, "దీన్ని ఎవ్వరికీ ఇయ్యద్దు, సాయంత్రం వచ్చి మంచిగ తీస్త" అని అమ్మకు చెప్పి పరుగెత్తాను.

అమ్మ చేనుకు పోయింది. పెద్దమనుషులు ఆ పొద్దుటే కూర్చుని బాపుకు కబురంపారు. బాపు ఇంట్లోకి వచ్చి, ప్రింటర్ మీదున్న కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకుని పోయాడు. విప్పి చూడలేదు. ఆయన ఏ కాగితాన్నీ విప్పి చూడడు. ఒక ఆఫీసులో ఇచ్చినదాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం, ఇంకో ఆఫీసులో విప్పి ఇవ్వడం, జీవితమంతా కాగితంతో ఆయనకున్న సంబంధం అదే. తన గొర్రెల బొమ్మను కూడా అలాగే తీసుకుపోయి తాత చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం గంటకు అమ్మ ఫోను చేసింది. చేతులు కూడా కడుక్కోకుండా ఆటో ఎక్కాను. నేను పోయేసరికి అరుగు చుట్టూ జనం. కాగితం చేతులు మారుతోంది. మామ నిటారుగా నిలబడి ఉన్నాడు, బాపు తల వంచుకుని ఉన్నాడు.

"టీచరమ్మా, నీ మిషనే చెప్పింది గదా, పసుపు గీతలని" అన్నాడు తాత.

"మిషన్ ఖరాబైంది తాతా! ఎరుపు పడ్తలేదు. మా బాపు మొఖం చూడున్రి, మా బాపు గట్ల ఉంటడా?"

"ఇగ ఇప్పుడు మిషన్ ఖరాబైందా?" అని ఎవరో నవ్వారు.

నాకు వాళ్ళ మీద వచ్చిన కోపం వేరు. బాపు మీద వచ్చింది వేరు. "నువ్వు చెప్పవేంది బాపూ? జాజు పెట్టింది నువ్వు గాదా?" అన్నాను.

బాపు ఆ కాగితం వైపు చూశాడు. "పెట్టిన బిడ్డా. పెట్టిన్నే అనుకుంటున్న. గని కాగితంల గట్లున్నది గదనే" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంటలు లేచాయి. తన చేత్తో ఎర్రమట్టి పిసికి, తన వేళ్ళతో పూసిన మనిషి, ఇంకు ఎండిపోయిన ఒక డబ్బా మాట విని తన వేళ్ళను తానే అనుమానిస్తున్నాడు! ఒక్కొక్క గొర్రెను మొహం చూసి ఇది ఫలానాదాని పిల్ల అని చెప్పే మనిషి. ఆయనను ఇంత భయస్తుణ్ణి చేసినవాళ్ళందరినీ ఆ అరుగు మీద వరుసగా నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది. వాళ్ళెవరూ అక్కడ లేరు. అందుకని ఇంటికి పోయి ప్రింటర్‌ను చంకనెత్తుకుని వచ్చాను.

పాలకేంద్రంలో ప్లగ్గు ఉంది. ప్రింటర్‌ను అరుగు మీద పెట్టి తీగ తగిలించాను. తాత తలకు ఎర్రటి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. "కదలకు తాతా" అని ఫోనులో ఆయన ఫోటో తీసి, అందరూ చూస్తుండగా దాన్నే ప్రింటుకు పంపాను. కాగితం వచ్చింది. పసుపు తువ్వాల చుట్టుకుని, కాకరకాయ రంగు మొహంతో తాత. అరుగంతా గొల్లున నవ్వింది.

"గిదేందే, నా తువ్వాల గిట్లైంది?" అన్నాడు తాత, తువ్వాల విప్పి చూసుకుంటూ.

"మా గొర్రెలకైంది గూడ గిదే తాతా. ఇప్పుడు సమజైందా?"

సమజైంది. అందరికీ సమజైంది, మామకు కూడా. సమజైనాక ఏం చెయ్యాలి? ఫోను చూసి, గొర్రెలను చూసి, అక్కడికక్కడే తేల్చెయ్యాలి. తేల్చలేదు. తాత గొంతు సవరించుకుని, "ఐతె మిషన్ మంచిగ జేస్కోని ఎర్రగ తీస్కరా. గప్పటిదాక ఎవరి తానున్నయి వాళ్ళ తాన్నే ఉండనీ" అన్నాడు. నకిరేకల్ పోయి స్టూడియోలో తీయించుకొస్తానన్నాను. "స్టూడియోల ముచ్చట తెల్వదా మాకు? నల్లటోన్ని తెల్లటోన్ని జేస్తరు. నీ మిషన్లనే తియ్యి" అన్నాడు. నా మిషన్ మీద వాళ్ళకున్న ఆ పాడు నమ్మకానికి నేను సంతోషించాలా, నెత్తి కొట్టుకోవాలా?

ఇంటికొచ్చి బాపును నిలదీశాను. "ఉరిమినప్పుడల్ల మెయిన్ బంద్ జేసినవా, లేదా?"

"జేసిన. కాలిపోతె?"

"ఇప్పుడు ఏం మిగిలింది కాలడానికి?"

నేను ప్రింటర్ ముందు కూర్చున్నాను. హెడ్ శుభ్రం చేసుకునే బటన్ అని కంపెనీవాడు ఒకటి పెట్టాడు. అది నొక్కితే ప్రింటర్ సీసాల్లోని మంచి ఇంకును గటగటా తాగి, లోపల అడుగున ఒక దూదిపరుపు మీద ఉమ్మేస్తుంది. ఆ పరుపు నిండితే మళ్ళీ వాడి దగ్గరికే తీసుకుపోవాలి. కసి కొద్దీ ఆ బటన్ నొక్కుతూ పోతే ఇంకు అయిపోతుంది తప్ప చిల్లు తెరుచుకోదు. రెండుసార్లు నొక్కి ఆపేశాను. ఇంకు గడ్డ మెత్తబడాలంటే నానాలి, నానాలంటే నీళ్ళు కావాలి.

అమ్మ గబగబా బోరునీళ్ళు గిన్నెలో పోసి తెచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. మా బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మా తాతల కాలం నుంచి ఈ నీళ్ళు పళ్ళను గారపట్టించాయి, మోకాళ్ళను వంచాయి. మనుషుల ఎముకలనే వదలనివి ఆ సన్నటి చిల్లులను వదులుతాయా? కట్టంగూర్ పోయి ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే నీళ్ళ సీసా తెచ్చాను. అవి ఉప్పు, సున్నం లేని నీళ్ళు. గోరువెచ్చగా చేసి, మెత్తటి గుడ్డను మడిచి తడిపి, హెడ్‌ను పక్కకు జరిపి దాని కింద పరిచి, మళ్ళీ హెడ్‌ను దాని మీదికి తెచ్చి వదిలేశాను. గీకకూడదు, రుద్దకూడదు, సూది పెట్టకూడదు. వదిలెయ్యాలి. నా స్వభావానికి అన్నిటికంటే కష్టమైన పని అదే.

మరునాడు గుడ్డ మీద గులాబీ మరక కొంచెం దిగింది. చిల్లులు చూపించే పరీక్ష కాగితం తీస్తే మెజెంటా గీతలు అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి. మళ్ళీ తడిపి పెట్టాను. ఆ సాయంత్రం ఉరిమింది. బాపు అలవాటు కొద్దీ లేచి మెయిన్ దాకా పోయాడు, నా మొహం చూసి బయటికి పోయి గొర్రెల దగ్గర నిలబడ్డాడు. ఆ మర్నాడు గీతలన్నీ తెగకుండా పడ్డాయి. ఫోటో మళ్ళీ పంపాను. బాపు మొహం ఆయన రంగులో వచ్చింది. గొర్రెల నడుముల మీద జాజు, తడి ఆరనట్టు, ఎర్రగా వచ్చింది.

ఆ కాగితాన్ని మడవనివ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని నేనే అరుగు దగ్గరికి తీసుకుపోయాను. తాత చూశాడు, మిగతావాళ్ళు చూశారు. "ఎరుపే. గొర్రెలు నీయే" అన్నారు బాపుతో. మామను పిలిపించారు. ఆయన రెండు గొర్రెలనే తోలుకొచ్చాడు.

"చూడిదేది?" అన్నాను. వరస కలిపి మర్యాదగా మాట్లాడే ఓపిక నాకు లేదు.

మామ నేల చూశాడు. "చిట్యాల అంగట్ల అమ్మిన కోడలా. నిన్ననే."

"ఆగుమన్నరు గదా!"

"ముందుగాల కాగితం మీద నాదే అని వచ్చింది గద. అంగడి మల్ల వారానికి గని రాదాయె."

"కడుపుతోటి ఉన్నది గదా అది!"

"కొన్నోనికి చెప్పిన" అన్నాడు మెల్లగా. చెప్పాడో లేదో నాకు తెలియదు. చెబితే మాత్రం విన్నవాడు దాన్ని సాకుతాడో కోస్తాడో ఎవరికి తెలుసు? ఎవరు కొన్నారని అడిగితే పేరు తెలియదన్నాడు, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోయాడన్నాడు.

తాత తీర్పు చెప్పాడు. మామ తన మందలోంచి ఒక మంచి గొర్రెను బాపుకు ఇవ్వాలి, అంతటితో సరి. మామ మారుమాట్లాడకుండా తెచ్చాడు. బలమైనది, వయసులో ఉన్నది. అందరూ లేచారు, తగువు తెగిపోయినట్టే మాట్లాడుకుంటూ టీకి పోయారు. నేను మాత్రం కూర్చున్నచోటే కుతకుతలాడుతున్నాను. కళ్ళముందు ఫోను పెడితే చూడనన్నారు, మిషన్ ఖరాబని కళ్ళారా చూసి కూడా గొర్రెలను అక్కడే ఉంచారు, ఆ రెండు రోజుల్లో జరిగినదానికి ఒక్కడూ తన తప్పు అనుకోలేదు. బాపు ఆ కొత్త గొర్రె వీపు నిమిరి, దాన్ని మామ వైపు తిప్పి తోలాడు.

"తీస్కపో బావా. గిది దాని మందను యాది జేస్కుంటది" అన్నాడు.

ఇంటికొచ్చాక నేను ప్రింటర్‌ను బటన్ నొక్కి ఆపుతుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. "బిడ్డా, గా బొమ్మల సూడి గొర్రెను ఒక్కదాన్నే పెద్దగ తియ్యొస్తదా?" అని అడిగాడు. వస్తుందన్నాను. మిగతా గొర్రెలను, ఆయనను పక్కలకు కత్తిరించి, దాన్నొక్కదాన్నే కాగితం నిండా తీసి ఇచ్చాను. నల్లమచ్చ కన్ను, తెల్లటి మెడ, ఎర్రటి చార.

మరుసటి వారం అంగడికి, అంటే సంతకు, బాపు ఆ కాగితం పట్టుకుని చిట్యాల పోయాడు. ఆ తర్వాత చుట్టుపక్కల అంగడి ఎక్కడ జరిగినా పోయాడు. గొర్రెలు కొనేవాళ్ళను, కోసేవాళ్ళను, ఆటోలవాళ్ళను ఆపి చూపించాడట. ఈలోగా ఇక్కడ నా ఆదివారం రంగుల కాగితానికి అడ్డుచెప్పేవాళ్ళు లేరు. అమ్మే గుర్తుచేస్తోంది. బాపు అయితే ఉరిమితే ముందు నన్ను పిలుస్తున్నాడు, నేను బటన్ నొక్కాకే మెయిన్ దగ్గరికి పోతున్నాడు. ఇవన్నీ నేను ఏళ్ళ తరబడి అరిచి అడిగినవే. ఇప్పుడు జరుగుతుంటే చూడబుద్ధి కావడం లేదు.

చివరిసారి అంగడినుంచి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. కాగితం చెమటకు మెత్తబడిపోయింది, మూలలు చిరిగాయి. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఏమన్నరు బాపూ?" అని అడిగాను.

"బొమ్మ మంచిగ వచ్చిందన్నరు బిడ్డా. రంగులు అచ్చం గొర్రె లెక్కనే ఉన్నయన్నరు. అందరు గదే అన్నరు."

"ఇంకేమన్నరు?"

"ఇంకేమంటరు" అని, చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.